ఎత్తిన అరుగులు

మా ఆంధ్రా లైనులో ఏ గొడవ జరిగినా ముందు నా నోరే లేస్తుంది. ఒప్పుకుంటాను. ముప్పై ఒక్క ఇళ్ళ వీధి మాది. రాయ్‌పూర్‌లో భన్‌పురి దాటాక రైలు కట్టను ఆనుకొని ఉంటుంది. మా మామగారి కాలంలో విజయనగరం వైపు నుంచి రైలు పనులకు వచ్చినవాళ్ళూ, కాకినాడ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలూ కలిసి వేసుకున్న వీధి. నా పేరు పైడమ్మ. మా ఆయన డ్యూటీలో పోతే ఆ ఉద్యోగం నాకిచ్చారు. 2001లో పట్టాల మీద సమ్మెట పట్టుకున్నదాన్ని, రిటైరయ్యేనాటికి పద్నాలుగు మంది గ్యాంగుకు మేట్‌ని. మగవాళ్ళ చేత పని చేయించీ చేయించీ నా గొంతు పెద్దదైపోయింది. కాస్త తగ్గించమని మా కోడలు చెప్పి చెప్పి ఊరుకుంది.

అలాంటి నాకు 2022 ఫిబ్రవరిలో ఒకరోజు మాట పడిపోయింది. చాందిని అనే ఇంజనీరు పిల్ల ఊళ్ళో మురుగునీటి ఆఫీసు నుంచి నోటీసు పట్టుకొని వచ్చింది. వానాకాలం వస్తే మా ఇళ్ళలోకి నీళ్ళు వస్తాయి. పద్నాలుగేళ్ళుగా వస్తున్నాయి. నాలీ, అదే మురుగు కాలువ, కట్టండి మహాప్రభో అని అర్జీలు రాయించి సంతకాలు పెట్టించినదాన్ని నేనే. చివరికి మా మొర విన్నారు. నాలీ కడతామన్నారు. అయితే అది మామూలు నాలీ కాదు, లారీ పట్టేంత వెడల్పు కాంక్రీటు నాలీ. అది మా వీధి మీదుగానే పోవాలి. ముప్పై ఒక్క ఇళ్ళూ ఖాళీ చేస్తే ఊరికి ఆ చివర నాలుగంతస్తుల మేడల్లో మాకు తలా ఒక గది చూపిస్తారట.

నేను ఆ పిల్లను అరగంట తిట్టాను. తెలీబంధా చెరువు చుట్టూ దీపాలు పెట్టి, జనం ఐస్‌క్రీం తినడానికి బెంచీలు వేస్తారు గానీ, మా దగ్గరికొచ్చేసరికి బుల్‌డోజరే కనిపిస్తుందా అని అడిగాను. ఆమె ధమ్‌తరీ వైపు పిల్ల, ఇరవై ఏడేళ్ళుంటాయి. నోటీసు చేత్తో పట్టుకొని అంతా వింది. నాకు అలుపొచ్చాక ఒక్కటే అడిగింది. పద్నాలుగేళ్ళ క్రితం వరకూ నీళ్ళు రాలేదంటున్నారు కదా మౌసీ, అప్పుడు వాన నీళ్ళు ఎక్కడికి పోయేవి?

మాట పడిపోయింది అక్కడే. ఎక్కడికి పోయేవో నాకు తెలుసు.

మా వీధికీ రైలు కట్టకూ మధ్య ఒకప్పుడు పెద్ద డబరీ ఉండేది. కట్ట వేసే కాలంలో మట్టి తవ్వుకున్న చోటు అది, వానలకు నిండి చిన్నపాటి చెరువై కూర్చునేది. ఇక్కడివాళ్ళు అలాంటివాటిని డబరీ అంటారు. దాని నిండా గుర్రపుడెక్క, దోమలు. 2008లో సిల్తారా ఇనుప బట్టీల్లో మిగిలిపోయే చిట్టెం ఎక్కడ పారబోయాలా అని లారీవాళ్ళు తిరుగుతుంటే, వాళ్ళను పిలిచి డబరీ చూపించినదాన్ని నేను. రెండు నెలల్లో నేల చదునైపోయింది. వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసిన సుందరరావన్న, మా సంఘానికి ప్రెసిడెంటు, ఆ నేల మీద తన చేత్తో వెల్డింగు చేసి రేకుల షెడ్డు లేపాడు. పైడితల్లి పండగ అందులోనే, క్రిస్మస్ పాటల సాధన అందులోనే, ఇరు మతాల పెళ్ళిళ్ళూ అందులోనే. షెడ్డు ప్రారంభం నాడు నాకు పూలదండ వేశారు. నేను సిగ్గు లేకుండా వేయించుకున్నాను.

ఆ మరుసటి వానాకాలం నుంచే నీళ్ళు ఇళ్ళలోకి రావడం మొదలైంది. మేం ముందు వానను తిట్టాం. తర్వాత ఎగువన కొత్తగా లేచిన అపార్టుమెంట్లను తిట్టాం. ఆ తర్వాత ఎన్నికల్లో గెలిచినవాళ్ళనీ ఓడినవాళ్ళనీ తిట్టాం. చిట్టెం మాట మాత్రం ఎవరమూ ఎత్తలేదు. నాకు మనసులో అనుమానం ఉండేది. ఉన్నా నోరు మెదపలేదు. అన్నింటికీ లేచే నోరు దానికి మాత్రం లేవలేదు.

మా వీధి తెలివి ఇంకొకటి చెప్పాలి. ఉగాది వెళ్ళగానే ప్రతి ఇంటివాళ్ళూ ఇంటి ముందు అరుగును ఒక వరస ఇటుక ఎత్తేవాళ్ళు, నీళ్ళు గుమ్మం దాటి రాకూడదని. ఎవరింట్లోకి ఎక్కువ వస్తే వాళ్ళు ఎక్కువ ఎత్తేవాళ్ళు. వీధి చివరిల్లు మేరీ అక్కది. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది, డెబ్బై దాటాయి, ఒంటరిది. అందరికంటే ఎక్కువ మునిగేది ఆవిడే. ఆవిడ అరుగు ఎక్కాలంటే ఐదు మెట్లు కావాలి. అంత ఎత్తినా ఇంటి గచ్చు కిందే ఉండిపోయింది కాబట్టి, పెరటి తలుపు కిందినుంచీ స్నానాల గది గొట్టంలోంచీ నీళ్ళు వచ్చేవి. వచ్చినవి పోవడానికి ఆ అరుగే అడ్డం.

చాందిని మర్నాడు పాత మ్యాపు ఒకటి పట్టుకొచ్చింది. అందులో మా షెడ్డున్న చోట నీలం రంగు ఉంది. ఆమె హిందీలో చెప్పింది నాకు బాగా అర్థమైంది. గంటలో కురిసిన వాన గంటలోనే పారిపోవాలంటే పెద్ద నాలీ కావాలి. దాన్ని ఒకచోట కూర్చోబెట్టి మెల్లగా పంపిస్తే చిన్న గొట్టం చాలు. డబరీ మళ్ళీ తవ్వితే పెద్ద నాలీ అక్కర్లేదని పై ఆఫీసరు వీరేంద్ర సారుతో తను వాదిస్తుంది. కానీ షెడ్డు తీయడానికి వీధివాళ్ళు ఒప్పుకోవాలి. ఒప్పించే పని నాది.

ఆదివారం షెడ్డులోనే మీటింగు పెట్టాం. సుందరరావన్న అసలు ఒప్పుకోలేదు. పన్నెండు స్తంభాలూ తన చేతి పని. ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళూ అక్కడే చేశాడు. దోమల గుంట కోసం దీన్ని కూలుస్తారా అని కుర్చీలోంచి లేచి వెళ్ళిపోబోయాడు. మిగతావాళ్ళూ ఆయన వెంటే లేచారు. ఇంకో నిమిషం ఊరుకుంటే మేడల్లో గదులు ఖాయం. 

"కూకోండి," అన్నాను. "గల్తీ నాదే. ఆ డబరీ కప్పించినదాన్ని నానే. అప్పటికి మనిళ్ళలోకి ఒక్కనాడు నీల్లు రాలేదు. కప్పించినాకే వచ్చినాయి. ఈ పద్నాలుగేళ్ళూ నాకు తెలుసు. మీరు తిడతారని సెప్పనేదు."

అందరూ కూర్చున్నారు. తిట్టారు కూడా. వరసపెట్టి ఒక గంట తిట్టారు. మా పక్కింటావిడ తన పెళ్ళి పట్టుచీరలు ఏ సంవత్సరం వరదలో పాడయ్యాయో నెలతో సహా చెప్పింది. పడ్డాను.  మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే సుందరరావన్న స్పానరు పట్టుకొని నిచ్చెన మీద ఉన్నాడు. మొదటి బోల్టు తనే విప్పాడు.

వీరేంద్ర సారు ఒప్పుకున్నాడు గానీ గట్టి షరతు పెట్టాడు. జూలై ఆఖరులోపు పెద్ద వాన పడిన రోజు తనే వచ్చి వీధి చివరింట్లో చూస్తాడు. నీళ్ళుంటే కాంక్రీటు నాలీ, లేకపోతే డబరీ. మధ్యేమార్గం లేదు.

ఏప్రిల్, మే అంతా తవ్వకమే. జేసీబీ ఆఫీసువాళ్ళది, అంచులు సరిచేసే చెమట మాది. రైలు వంతెనలకు గీసినట్టే డబరీ గోడకు నేను తెల్ల గీతా, దాని పైన ఎర్ర గీతా గీశాను. ఎర్ర గీత దాటితే ప్రమాదమని గ్యాంగులో అందరికీ తెలుసు. వీధి నీళ్ళు డబరీలోకి దిగడానికి తూము ఎక్కడ పెట్టాలన్నది చూడ్డానికి ఒక ప్రైవేటు సర్వే బృందం వచ్చింది. రోడ్డు మీద తవ్విపోసిన బురద, కొలకర్ర నిలబడ్డం లేదు. పాపం కుర్రాళ్ళు అవస్థ పడుతున్నారని నేనే మజ్జిగ ఇచ్చి, అరుగుల మీద పెట్టుకోండి నాయనా, శుభ్రంగా ఉంటాయన్నాను. వాళ్ళు ముప్పై ఒక్క అరుగుల మీదా కర్ర పెట్టి రాసుకుపోయారు. ఆ కాగితం ప్రకారం తూము వీధి మొదట్లో, సుందరరావన్న ఇంటి పక్కన పెట్టాలి. అక్కడే పెట్టారు.

జూన్ మూడోవారంలో మొదటి వాన పడింది. మరీ పెద్దది కూడా కాదు. తూము దగ్గర అందరం పండగకు నిలబడ్డట్టు నిలబడ్డాం. ఒక్క చుక్క దిగలేదు. నీళ్ళన్నీ మా కళ్ళముందే తూముకు వీపు తిప్పి మేరీ అక్క ఇంటివైపు నడిచిపోయాయి. సాయంత్రానికి ఆవిడ ఇంట్లో మోకాలి లోతు. డబరీ మాత్రం ఎండిన పళ్ళెంలా ఉంది. షెడ్డూ పోయింది, ఇళ్ళూ పోయేలా ఉన్నాయని వీధిలో ఒక్కొక్కరూ నా గుమ్మం ముందు ఆగి మరీ అని వెళ్ళారు. చాందిని ఫోను చేసి, ఇది చిన్న వాన కాబట్టి సారు లెక్కలోకి తీసుకోలేదు, కానీ ఇంకొక్కటే అవకాశం మౌసీ అంది. ఆ పిల్ల గొంతులో ఏడుపుంది. నాకు ఎవరి మీదో తెలియని కోపమొచ్చింది.

మర్నాడు పొద్దున్న వాన లేదు. టీ కూడా తాగకుండా వీధి మొదటికి వెళ్ళాను. పట్టాల పనిలో మేట్‌కు ఒక అలవాటుంటుంది. పట్టా ఎక్కడ కుంగిందో చూడాలంటే ఇరవై అడుగుల దూరం వెళ్ళి, బోర్లా వంగి, చెంప పట్టాకు ఆనించి, ఒక కన్ను మూసి చూస్తాం. సూదంత పల్లమైనా దొరికిపోతుంది. చెయ్యి ఊపి చూపిస్తే గ్యాంగువాళ్ళు అక్కడ కంకర దట్టిస్తారు. ఇరవై ఏళ్ళు ఆ కంటితోనే రైళ్ళు నడిపించాను. రోడ్డుకు మాత్రం ఎందుకు చేయకూడదనిపించింది.

అరవై రెండేళ్ళ మనిషిని నడివీధిలో బోర్లా పడుకొని సిమెంటు రోడ్డు అంచుకు చెంప ఆనించాను. పైడమ్మకు దెబ్బకు మతి పోయిందని ఎవరో అనడం వినబడింది. అననిచ్చాను. ఒక కన్ను మూశాను. రోడ్డు అంచు నా కంటి దగ్గర నుంచి మేరీ అక్క ఇంటివైపు దిగిపోతోంది. జానెడు కాదు, మూరెడు పల్లం. తల కొంచెం ఎత్తి అరుగులు చూశాను. అవి అటే మెట్లు మెట్లుగా పైకి పోతున్నాయి. అందరికంటే పల్లంలో ఉన్నావిడది అందరికంటే ఎత్తు అరుగు. సర్వేవాళ్ళు కొలిచింది నేలను కాదు, మా భయాన్ని. అందుకే వాళ్ళ కాగితంలో మేరీ అక్క ఇల్లు మెరకా, వీధి మొదలు పల్లమూ అయింది. అరుగుల మీద పెట్టుకోమన్నది ఎవరు? నేనే. నా చెంప నేనే వాయించుకుందామనిపించింది, అప్పటికే దాని నిండా బురదుంది.

కబురు పెడితే చాందిని గంటలో వచ్చింది. చెప్పాను. నమ్మిందో లేదో గానీ, ఉతికిన చుడీదారుతో నా పక్కనే బోర్లా పడుకొని చెంప ఆనించింది. చాలాసేపు లేవలేదు. లేచాక డ్రాయింగును నాలుగు మడతలు పెట్టి సంచిలో తోసేసి, తూము ఎక్కడ కావాలో నన్నే చూపించమంది.

చూపించడం తేలికే. చెప్పడమే కష్టం. నీళ్ళు డబరీలోకి మళ్ళాలంటే కాలువ సరిగ్గా మేరీ అక్క అరుగున్న చోటు నుంచి పోవాలి. ఆవిడకున్న ఒక్క అడ్డూ తీసేయాలి. నేను తలొంచుకొని చెబుతుంటే ఆవిడ తడి పరుపు ఎండలో తిరగేస్తోంది.

"పద్నాలుగేళ్ళ నుంచీ ఇటుక మీద ఇటుక పేర్చుకుంటా వచ్చాను పైడమ్మా," అంది. "ఏనాడన్నా ఆగిందా? పగలగొట్టించు. మళ్ళీ గనక నీళ్ళొచ్చాయంటే నీ ఇంట్లో నీ మంచం మీద పడుకుంటాను, నువ్వు కింద పడుకో."

సరేనన్నాను. మా పాత గ్యాంగుకు ఫోను చేశాను. పద్నాలుగు మందిలో పదకొండు మంది తమ రెస్టు రోజున గడ్డపారలతో వచ్చారు. నేను కేక వేస్తే వాళ్ళు అందుకునే పాత పద్ధతిలోనే ఆ అరుగు లేపాం. ఇటుకలు తీస్తుంటే ఏ ఏడాది వరస ఏదో మేరీ అక్క చెబుతూనే ఉంది. ఆ ఇటుకలతోనే కాలువకు గోడలు కట్టాం. సుందరరావన్న ఇనుప జాలీ వెల్డింగు చేసి తూముకు బిగించాడు, డబరీ అవతలి అంచున నీళ్ళు మెల్లగా బయటికి పోవడానికి చిన్న గొట్టం పెట్టాడు. మూడు రోజుల్లో అయిపోయింది. మేరీ అక్క ఇల్లు ఇప్పుడు రోడ్డుకు రెండంగుళాల ఎత్తులో బోసిగా నిలబడింది. 

జూలై పంతొమ్మిదిన పొద్దున్న ఎనిమిదింటికి మొదలైంది. అది వాన కాదు, ఆకాశం చిల్లులు పడిపోయింది. పది గంటలకు ఎదుటి ఇల్లు కనబడటం లేదు. నేను రెయిన్‌కోటు వేసుకొని తూము దగ్గరికి పరిగెత్తాను. అప్పటికే సగం వీధి అక్కడుంది. ఎగువ అపార్టుమెంట్ల నీళ్ళు ఎర్రగా, చెప్పులూ సీసాలూ కొబ్బరి డొక్కలూ మోసుకుంటూ వీధంతా పరుచుకొని వస్తున్నాయి. మేరీ అక్క ఇంటి ముందుకు వచ్చి ఒక్క క్షణం సుడి తిరిగాయి.  తర్వాత నీళ్ళు మెడ తిప్పి, కాలువలో పడి, జాలీని దడదడ కొట్టి, డబరీలోకి దూకాయి.

అందరూ నా వైపు చూశారు. నేను మాత్రం గీతల వైపే చూస్తున్నాను. పదకొండుకు తెల్ల గీత మునిగింది. పన్నెండుకు ఎర్ర గీతకు జానెడు కింద ఉంది. పన్నెండున్నరకు నాలుగు వేళ్ళ కింద ఉంది. అప్పుడు అవతల పక్క సుందరరావన్న పెట్టిన చిన్న గొట్టం అందుకుంది. నీళ్ళు మెల్లగా, వరసలో నిలబడ్డట్టు, కట్ట కింది కల్వర్టువైపు సాగాయి. ఒంటిగంటకు కూడా అదే నాలుగు వేళ్ళు. వాన తగ్గలేదు, నీళ్ళు పెరగలేదు. ముప్పై ఒక్క ఇళ్ళలో ఒక్కదానిలోకీ రాలేదు. సుందరరావన్న లుంగీ ఎగ్గట్టి ఆ బురదలో చిందులేశాడు. మా పక్కింటావిడ నన్ను వాటేసుకొని, పట్టుచీరల సంగతి మర్చిపొమ్మంది. నాకు ఏడుపొచ్చేసింది. వానలో కనబడదు కదా అని బాగా ఏడ్చాను.

వీరేంద్ర సారు మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు. వెనకాల ఫైలు ప్లాస్టిక్ సంచిలో చుట్టుకొని చాందిని ఉంది. డబరీ చూపిస్తామంటే వద్దన్నాడు. షరతు చివరింటి గురించి, అదే చూస్తానన్నాడు. వీధంతా గొడుగులేసుకొని ఆయన వెంట నడిచింది.

మేరీ అక్క తలుపు వేసి ఉంది. కొట్టాను. పలకలేదు. మళ్ళీ కొట్టాను, పేరు పెట్టి పిలిచాను. లోపల అలికిడి లేదు. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దుటినుంచీ ఆవిడను ఎవరమూ చూడలేదు. మబ్బు పట్టిందంటే చాలు, మంచం మీదికి ట్రంకు పెట్టెలెక్కించి, గుమ్మంలో స్టూలేసుకొని నీళ్ళకు కాపలా కూర్చునే మనిషి. ఈ పద్నాలుగేళ్ళలో వాన పడుతుండగా ఆవిడ కునుకు తీయడం నేనెరగను. డెబ్బై దాటిన మనిషి, ఒంటరిది.  తలుపు పగలగొడదామని సుందరరావన్న భుజం ఆనించాడు.

గడియ తీసిన చప్పుడైంది. మేరీ అక్క బయటికి తొంగి చూసింది. జుట్టు రేగిపోయి ఉంది, చెంప మీద దిండు ముడతల అచ్చు. ఆవలింత ఆపుకుంటూ మా గొడుగులనీ, తడిసి ముద్దయిన ఆఫీసరునీ చూసింది.

"ఏంటి పైడమ్మా ఇంతమంది? వానొస్తందా?" అంది.

వీరేంద్ర సారుకు తెలుగు రాదు. ఆవిడ ఏమంటోందని నన్ను అడిగాడు.  వాన పడుతోందా అని అడుగుతోంది సార్, ఇంతవరకూ నిద్రపోయింది అని హిందీలో చెప్పాను.

ఆయన ఆవిడ ముఖం చూశాడు, వెనకాల పొడిగా ఉన్న గచ్చు చూశాడు. చాందిని దగ్గర ఫైలు తీసుకొని, గొడుగు కిందే అందులో కాంక్రీటు నాలీ అన్న మాట కొట్టేసి సంతకం పెట్టాడు. ఇక లోపలికి వెళ్ళి చూడక్కర్లేదన్నాడు. మేరీ అక్క మాత్రం అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పరేమని విసుక్కుంటూ, గుమ్మంలోంచి చెయ్యి బయటికి చాపి చూసుకుంది.